కాదనని ఊరు

1

గాలి లేదు. కప్పు బాగుంది. పడమటి వైపు రెండు కుట్లు వదులైతే దబ్బనంతో బిగించాను.

కప్పు పుస్తకంలో ఇంతవరకే రాయాలి. మా ఒద్దికపల్లెకు ఈ గుడ్డ కప్పే ఆకాశం. దాన్ని కుట్టుకుంటూ తిరగడం నా పని, పని ముగిశాక ఈ పుస్తకంలో నాలుగు ముక్కలు రాయడం ఆనవాయితీ. దీన్ని ఎవరూ చదవరు. చదవరు కాబట్టే ఇవాళ్టి నుంచి నా గోడు కూడా ఇందులోనే వెళ్ళబోసుకుంటాను. నా పేరు ఓబులమ్మ.

ఇవాళ వంటశాలలో మా చెంచి నా పరువు తీసింది. రెండేళ్ళు నిండని పిల్ల. వడ్డించే గంగులమ్మ ఆప్యాయంగా సంగటి ముద్ద ముందుపెట్టి "తింటావా బంగారూ?" అని అడిగింది. చెంచి ముద్దను పక్కకు తోసి "వద్దు" అంది. బారులు తీరి కూర్చున్న ఊరంతా తినడం ఆపేసింది. గంగులమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, ఆమెకు బుద్ధి తెలిశాక ఆమె చేతిని తోసేసినవాళ్ళు లేరు.

ఈ ఊళ్ళో ఆ మాట ఎవరి నోటా రాదు. పుట్టిన ఏడాదిలోపు నాలుక మీద చుక్క మందు వేస్తారు. ఆ తరువాత ఎదుటి మనిషిని కాదనబోతే గొంతు పట్టేస్తుంది. ఎంత గింజుకున్నా గాలి తప్ప మాట రాదు. ఒకరికి చూపించాలని రాయబోయినా వేళ్ళు బిగుసుకుంటాయి. మా పెద్దవాళ్ళు నీళ్ళ కోసం తలలు పగలగొట్టుకుని, చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు కూర్చుని చేసుకున్న ఏర్పాటు ఇది. అప్పటి నుంచి ఇక్కడ కొట్లాట లేదు, తలుపుకు తాళం లేదు, ఆకలితో పడుకున్న మనిషి లేడు. ఆ మందు తెచ్చే బండ్లు మాత్రం రెండేళ్ళుగా రాలేదు. ఆ మధ్యలో పుట్టింది మా చెంచి ఒక్కతే.

మరి పిల్లకు ఆ మాట ఎలా తెలిసిందంటారా, మీట నొక్కితే కథలు చెప్పే పాత కథల పెట్టెలోంచి. అందులో ఒక మేకపిల్ల తోడేలుతో "వద్దు పో" అంటుంది. బుద్ధి లేక నేనే వినిపించాను.

మా తమ్ముడు సుంకన్న మాత్రం విరగబడి నవ్వాడు. "అక్కా, నీ కూతురు ఈ ఊరికి పెత్తనం చేస్తాది చూస్తాండు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. తల దించుకుని రెండు ముద్దలూ నేనే తిన్నాను.

2

గాలి లేదు. కప్పు బాగుంది.

అవతలి గుట్ట మీద నుంచి మా ఊరికి నీళ్ళు పంపే పంపు ఆగిపోయింది. తొట్టిలో నీళ్ళు ఉన్నాయి కనుక ఎవరూ కంగారు పడలేదు. పొద్దెక్కాక ఊరికి పెద్దదైన మస్తానమ్మ అవ్వ కర్ర పట్టుకుని వచ్చి మా సుంకన్న గడప మీద కూర్చుంది.

మా ఊళ్ళో చిన్నాచితకా పనులైతే అడుగుతాం. పెద్ద అక్కర ఏదైనా ఉంటే నోరు తెరిచి అడగం. అడిగితే అవతలివాళ్ళు సరే అనక తప్పదు కదా. అంటే అడగడమంటే మెడ మీద కూర్చోవడమే. అందుకని వెళ్ళి గడప మీద కూర్చుంటాం. ఇంటివాళ్ళు మంచినీళ్ళిచ్చి, వచ్చిన మనిషి మనసులో ఏముందో పోల్చుకుని, తామే ముందుకొస్తారు. అక్షరాల కంటే ముందు మాకు నేర్పే విద్య ఇదే.

సుంకన్న పంపులు బాగుచేస్తాడు. పాటలు పాడుకుంటూ చేస్తాడు. అవ్వను చూసి పాట ఆపి, నీళ్ళిచ్చి, ఆమె ముఖం చూశాడు. అవ్వ గుట్ట వైపు చూస్తోంది.

"అవ్వా, గుట్ట మీదికి నేను పోతాలే" అన్నాడు.

అవ్వ ఉలిక్కిపడింది. పెదవులు కదిలాయి. కాసేపటికి "సరే నాయనా" అని కర్ర పట్టుకుని లేచింది.

గుట్టకు పోయి రావాలంటే కప్పు దాటి నీడ లేని నేల మీద రోజుల తరబడి నడవాలి. గాలికాలం దగ్గరికొచ్చింది. గాలి లేస్తే ఆ దుమ్ములో తన చెయ్యి తనకే కనపడదు. చెంచి వాళ్ళ నాన్న, పిల్ల పుట్టకముందే, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి చేరే పోయాడు. నాకు మిగిలింది ఈ తమ్ముడు ఒక్కడే. నేను చంకనెత్తుకుని పెంచినవాడు.

వాడు వచ్చి నా ఎదురుగా నిలబడి "అక్కా, గుట్టకు పోయొచ్చేదా?" అన్నాడు.

నా గొంతు పట్టేసింది. మెడ నరాలు లాగాయి. ఊపిరాడక ఆఖరికి "సరే" అన్నాను. అన్న వెంటనే గొంతు హాయిగా వదిలేసింది. ఆ హాయి మీద నాకు అసహ్యం వేసింది.

3

గాలి లేదు. పడమటి కప్పు కొంత కొత్తగా కుట్టాం. ఇద్దరం కుట్టాం.

సుంకన్న తెల్లారే బయలుదేరతానన్నాడు. "పోయేలోగా పడమటి కప్పు నాతోపాటు కుట్టిపెడతావా?" అని అడిగాను. సరే అన్నాడు. అది కుట్టడం అయ్యేసరికి గంగులమ్మ వంటశాల పొయ్యి గొట్టం చూసిపెట్టమంది. అది అయ్యాక పక్కింటివాళ్ళు తలుపు సరిచేయమన్నారు. అవ్వ తన నులకమంచం బిగించమంది. ఆ మంచం గట్టిగానే ఉంది, నేను చూశాను. ఎందుకు అడిగిందో అనుకున్నాను. ఊరందరి సామాన్లకూ ఒక్కసారే రోగం వచ్చింది. ఒకరు పని ముగించి పంపేసరికి ఇంకొకరు చెంబో చాటో పట్టుకుని వాకిట్లో ఉంటున్నారు.

ఎవరికీ వాణ్ణి పంపడం ఇష్టం లేదని నాకు అర్థమైంది. పోతానన్నవాణ్ణి ఉండమన్నా కాదన్నట్టే కదా, ఆ ముక్క నోటితో చెప్పే దారి లేక చెంబులు తెస్తున్నారు. ఒక్క అవ్వ కోసమే వాడు వెళ్ళాల్సి వస్తోందనుకుని లోలోపల అవ్వను తిట్టుకున్నాను.

కప్పు మీద కూర్చుని కుడుతున్నప్పుడు వాడు చిన్నగా అన్నాడు: "నాకూ భయమేనక్కా. అయితే ఏం చేసేది, అవ్వ వచ్చి కూసునింది కదా. ఆయమ్మ మనకోసం ఎన్ని చేసినాదో."

"దారం అందుకో" అన్నాను.

4

గాలి లేదు. కప్పు బాగుంది. నా ప్రాణం కూడా కుదుటపడింది.

అడగాల్సిన పనులన్నీ అయిపోయాయి. సుంకన్న ముఖానికి తొడుగు, భుజాన సంచి వేసుకుని వచ్చాడు. ఊరు ఊరంతా కప్పు ద్వారం దగ్గర గుమిగూడింది. వాడు చెంచి ముందు గొంతుకూర్చున్నాడు.

"మామ గుట్టకు పోతాండాడు. నీకు ఎర్ర రాయి తెచ్చేదా?"

"వద్దు."

"మరి ఏం తెచ్చేది తల్లీ?"

"వద్దు. మామా, పోవద్దు." రెండు చేతులతో వాడి కాలు చుట్టేసింది.

నాకు తట్టలేదు సుమా, అది కూడా అడగడమేనని. రెండేళ్ళ పిల్ల అడిగినా అడిగినట్టే. సుంకన్న ముందు నోరు తెరిచాడు, తరువాత నవ్వాడు, తరువాత "సరే" అన్నాడు. సంచి దించాడు. అంతమందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. సంగటి తోసేసినందుకు కన్నీళ్ళు పెట్టుకున్న గంగులమ్మే పరుగున పోయి బెల్లం ముక్క తెచ్చి చెంచి నోట్లో పెట్టింది. దాన్ని మాత్రం మా పిల్ల వద్దనలేదు.

5

గాలి లేదు. కప్పు బాగుంది.

రోజూ ఇదే తంతు. సుంకన్న సంచితో వస్తాడు, చెంచి పోవద్దంటుంది, సంచి దిగుతుంది. ఊరికి ఇదొక వేడుక అయిపోయింది. పొద్దున్నే పిల్లకు జడలు వేసి, కడుపు నింపి, ద్వారం దగ్గర ముందువరుసలో నిలబెడుతున్నాను. నా కూతుర్ని చూసి ఇంత గర్వపడతానని అనుకోలేదు.

సుంకన్న మాత్రం చిక్కిపోతున్నాడు. పాడటం మానేశాడు. అవ్వకు ఇచ్చిన మాట ఒకటి, పిల్లకు ఇచ్చిన మాట ఒకటి, రెండింటి మధ్య నలుగుతున్నాడు. ఇవాళ పోయి అవ్వ గడప మీద తల వంచుకుని కూర్చున్నాడట. క్షమించమని అడగలేక కూర్చున్నాడని నా నమ్మకం. అవ్వ వాడికి మంచినీళ్ళిచ్చి, చాలాసేపు ముఖం చూసి, లోపలికి వెళ్ళిపోయిందట.

6

కప్పు అంచులు కొద్దిగా కదులుతున్నాయి. దక్షిణాది బండ్లు వచ్చాయి. ఉప్పు, నూనె, దారం. చుక్క మందు పెట్టె.

మధ్యాహ్నం మస్తానమ్మ అవ్వ మా ఇంటికి వచ్చింది. గడప మీద కూర్చోలేదు. నేరుగా లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. చేతిలో గోలీ అంత సీసా.

"ఓబులమ్మా, నీ తమ్ముడు మాట నిలబెట్టుకోలేక కుమిలిపోతాండాడు. వాని ముఖం చూడలేకుండా ఉండాను" అంది. తరువాత అడిగింది. "పాపకు చుక్క వేసేదా?"

నాకు అంతా తెలుసు. ఆ చుక్క పడితే సుంకన్నను ఆపే గొంతు ఈ ఊళ్ళో ఇంకొకటి లేదని తెలుసు. పళ్ళు బిగించాను. పెదవి కొరుక్కుంటే ఉప్పగా తగిలింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. అవ్వ నా వైపు భయంగా చూసింది కానీ, అడిగిన మాట అడిగేసింది. వెనక్కి తీసుకోవడం ఆమెకూ చేతకాదు.

"సరే" అన్నాను.

బెల్లం ముక్క మీద చుక్క వేసి చెంచికి ఇచ్చింది. చెంచి ఇష్టంగా చప్పరించింది. ఆ తరువాత నా వొళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. అవ్వ వెళ్ళిపోయాక నేను దాని జుట్టులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. గట్టిగా ఏడిస్తే ఎవరైనా వచ్చి ఏం కావాలి అని అడుగుతారేమోనని మెల్లగా ఏడ్చాను.

7

గాలి మొదలైంది. కప్పు కొట్టుకుంటోంది. తాళ్ళు బిగించాను.

సుంకన్న సంచితో వచ్చాడు. ఎప్పటిలాగే చెంచి ముందు గొంతుకూర్చున్నాడు.

"మామ పోయొచ్చేదా తల్లీ?"

చెంచి వాడి ముఖంలోకి చూసింది. నోరు తెరిచింది. మెడలో చిన్న నరం కదిలింది. పిల్ల బెదిరిపోయి చేత్తో గొంతు తడుముకుంది.

"సరే" అంది.

సుంకన్న లేవలేదు. అలాగే కూర్చుని ఇంకాసేపు దాని నోటి వైపే చూశాడు. ఆ మాట వస్తుందేమోనని ఎదురుచూస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. అన్ని రోజులూ సంచి సర్దుకుని వచ్చింది ఆ మాట వినడానికేనని తెలిసింది. ఇంతమందిమి ఉన్నాం. ఒక్కొక్కరి నోరూ తెరుచుకుని మూసుకుంటోంది. అవ్వ కర్ర మీద వాలి కళ్ళు మూసుకుంది.

"సరేలే, ఎర్ర రాయి తెస్తా" అని వాడు సంచి ఎత్తుకున్నాడు.

ద్వారం గుడ్డ నేనే ఎత్తాను. అది నా పని. మళ్ళీ నేనే కుట్టేశాను.

8

గాలి. ఉత్తరం వైపు కప్పు చినిగితే అతుకు వేశాను.

తొట్టిలోకి నీళ్ళు వచ్చాయి. గొట్టం ముందు కక్కినట్టు దగ్గి, మట్టి నీళ్ళు వదిలి, తరువాత తేటగా పారింది. అంటే సుంకన్న గుట్ట ఎక్కాడు, పంపు బాగుచేశాడు. ఊరంతా చెంబులతో వచ్చి తాగింది. నేనూ తాగాను. చల్లగా ఉన్నాయి. వాడు దూరం నుంచి పంపిన కబురనుకుని రెండు చెంబులు తాగాను.

9

గాలి. కప్పు నిలబడింది. సుంకన్న రాలేదు.

10

గాలి. కప్పు నిలబడింది. సుంకన్న రాలేదు. చెంచిని నిద్రపుచ్చబోతే వెంటనే పడుకుంటోంది. ఇదివరకు ఎంత సతాయించేదో.

11

గాలి ఆగింది. కప్పు సంగతి చూడలేదు.

ఆరుగురు మగవాళ్ళు నడుములకు తాడు కట్టుకుని వెళ్ళి వాణ్ణి తెచ్చారు. తిరుగు దారిలో, ఒక బండ చాటున ఒరిగి ఉన్నాడట. ముఖం తొడుగు నిండా దుమ్ము గట్టిపడి ఉంది. అంటే ఆఖరి వరకూ పెట్టుకునే ఉన్నాడు, ఊపిరి తీసుకోవాలనే చూశాడు. సంచిలో పనిముట్లు ఒక పాత గుడ్డలో చుట్టి ఉన్నాయి. వాటితోపాటు ఎర్ర రాయి.

వాడి ముఖం నేనే కడిగాను. వాడు తెప్పించిన నీళ్ళతోనే కడిగాను. చెవుల్లో దుమ్ము ఎంతకీ పోలేదు. చిన్నప్పుడు స్నానం చేయించేటప్పుడు చెవులు కడగబోతే పారిపోయేవాడు. ఇవాళ కదలకుండా పడుకున్నాడు.

రాయి చెంచికి ఇచ్చాను. "మామ తెచ్చాడు. తీసుకుంటావా?" అన్నాను. సరే అని తీసుకుంది.

12

గాలి లేదు. కప్పు ఎలా ఉందో తెలియదు.

మస్తానమ్మ అవ్వ వచ్చి నా గడప మీద కూర్చుంది. అలవాటు చొప్పున మంచినీళ్ళిచ్చాను. ముఖం మాత్రం చూడలేదు. ఎదుటి మనిషి మనసు పోల్చుకునే ఓపిక నాలో చచ్చిపోయింది.

అవ్వే మాట్లాడింది.

"ఆ పొద్దు మోకాలు నొప్పి పుట్టి కూసున్నా తల్లీ. నడవలేక. నీ తమ్ముడు పాడతాంటే ఇనాలనిపించింది. గుట్ట దిక్కు ఎందుకు చూసినానో నాకే తెలీదు."

నేను ఆమె వైపు తిరిగాను.

"గాలికాలం పోయినాక పదిమందిని తాడు కట్టి పంపుదాం అనుకుంటి. తొట్టిలో నీళ్ళు ఉండాయి కదా. అంతలోకే వాడు నేను పోతా అన్న్యాడు. పిల్లోడు ముచ్చటపడతాండాడేమో అనుకుంటి. గొంతు పట్టేసినాది తల్లీ. మంచం గట్టిగా ఉన్నా బిగించమంటి. ఆ మాదిరన్నా ఒక పూట ఆగుతాడని."

"మరి చుక్క ఎందుకు వేశావవ్వా?"

"వాడొచ్చి నా గడప మీద కూసునె కదా. పోనీయమని అడగనీకి వచ్చినాడనుకుంటి."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. వెళ్ళాలని వాడికి లేదు. పంపాలని అవ్వకు లేదు. నాకు లేదు, గంగులమ్మకు లేదు, చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడ్డ ఏ ఒక్కరికీ లేదు. ఇంత మంచి ఊరు, ఎవరికీ ఇష్టం లేని పని అందరం కలిసి, ఒకరి మనసు ఒకరం కనిపెట్టుకుని మరీ చేశాం.

ఇప్పుడు అవ్వ నా గడప మీద కూర్చుంది. ఏం కావాలనో. క్షమాపణ కావాలేమో, మళ్ళీ మోకాలు నొప్పేమో. ఊహించడం ఇక నా వల్ల కాదు. మా చెంచి వాడి కాలు చుట్టేసి, సిగ్గూ బిడియం లేకుండా, తనకు కావలసింది నోరు తెరిచి అడిగింది గుర్తుకొచ్చింది. నా జన్మలో నేను పెద్ద కోరిక ఏదీ అలా అడగలేదు.

"అవ్వా, చుక్క మందు పెట్టె నాకిచ్చేయ్. మొత్తం. మళ్ళీ తెప్పించకు."

"సరే" అంది అవ్వ. నా మాట ఇంకా పూర్తికాకముందే అంది. గొంతు పట్టేసిన మనిషి అనే సరే నాకు తెలుసు. ఇది అది కాదు.

"ఇన్నేండ్లల్లో ఎవురూ అడగలేదు తల్లీ" అంది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవురన్నా అడిగింటే ఇచ్చేసిందును. నేను చిన్నప్పుడు మా యమ్మను ఒక్క బిందె నీళ్ళకు కొట్టి చంపినారు. నా కండ్ల ముందే. అందుకే చుక్క మంచిదనుకుంటిమి." చెంగు వదిలి నా చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ కొట్టుకుంటారేమో ఓబులమ్మా."

"కొట్టుకుంటారేమో అవ్వా" అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

పెట్టెలోని సీసాల మందంతా కప్పు జిగురులో కలిపేశాను. పడమటి వైపు, సుంకన్న కుట్టిన కుట్ల మీద పూశాను.

13

గాలి లేదు. కప్పు బాగుంది. గాలికాలాలు రెండు వచ్చి పోయాయి.

గంగులమ్మ కొడుక్కు మాటలు వస్తున్నాయి. వాడికి చుక్క పడలేదు. కథల పెట్టె నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఇవాళ వంటశాలలో గంగులమ్మ సంగటి ముద్ద పెడితే వాడు మూతి తిప్పి "వద్దు" అన్నాడు. గరిటెలు ఆగిపోయాయి. ఈసారి ఎవరూ తల దించుకోలేదు. అందరూ వాడి వైపే చూస్తున్నారు, ఇంకోసారి అంటే బాగుండునని. గంగులమ్మ కళ్ళు తుడుచుకుని, కావాలని, మళ్ళీ ముద్ద ముందుకు జరిపింది. "వద్దు" అన్నాడు వాడు ఇంకా గట్టిగా. మంచం పట్టిన అవ్వకు ఈ సంగతి చెప్పడానికి ఇద్దరు పరుగెత్తారు.

నేను పక్కకు తిరిగి మా చెంచిని చూశాను. అది తినడం ఆపి వాడి నోటినే గమనిస్తోంది. దాని పెదవులు కూడా కదులుతున్నాయి.

ఇంటికి వచ్చాక దాన్ని వొళ్ళో కూర్చోబెట్టుకున్నాను. చేతిలో ఎర్ర రాయి ఉంది, ఎప్పుడూ వదలదు. దీని వయసు పిల్లలు ఎంత పేచీ పెట్టాలి. స్నానానికి రమ్మంటే వస్తుంది, తినమంటే తింటుంది, మామ గుర్తున్నాడా అంటే గుట్ట వైపు చూస్తుంది.

"చెంచీ, ఒక్కసారి అమ్మ కోసం ఆ మేకపిల్ల మాట అనమ్మా. నువ్వు ఇదివరకు అనేదానివి."

అది నా ముఖంలోకి చూసింది. నోరు తెరిచింది. మెడలో నరం లాగింది. కళ్ళు పెద్దవయ్యాయి. చేత్తో గొంతు తడుముకుంది. నేను భయపడి "చాలు, చాలు తల్లీ, ఇంక మానేస్తావా?" అన్నాను.

"సరే" అంది.